మంచం పుండు ఎవరి పని?

ప్రతి నెలా పెన్షన్ రోజున సచివాలయం ఉద్యోగి గోదావరి జిల్లాల్లో ప్రతి వీధీ తిరుగుతాడు. పక్షవాతం వచ్చి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. ఏ లంక గ్రామంలో, ఏ ఇంట్లో ఎవరు మంచం పట్టారో ప్రభుత్వం దగ్గర పేర్లతో సహా ఉంది. ఆ మనిషి నడుం కింద చర్మం ఎలా ఉందన్నది మాత్రం ఏ రిజిస్టర్లోనూ ఉండదు. ఆసుపత్రిలోనూ అంతే. బీపీ, సుగర్, జ్వరం, మూత్రం ఎంత వచ్చింది, అన్నీ కేస్ షీట్లోకి ఎక్కుతాయి. మడమలు చూశామని రాసిన కేస్ షీట్ నా కంటపడింది తక్కువ.

బెడ్ సోర్స్ (కదలకుండా పడుకుని ఉండటం వల్ల పడే పుళ్లు) అంటే మన ఇళ్లలో ఒక రకమైన రాజీ ఉంది. "మంచాన పడ్డాక పుళ్లు పడకుండా ఉంటాయా అండీ" అనేస్తారు. పడకుండా చూడొచ్చు. వీటిలో ఎక్కువ భాగం ఆపగలిగినవేనని వైద్యులు, నర్సులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆపలేకపోతున్నామంటే కారణం మందు లేక కాదు. చూడటం ఫలానావాళ్ల పని అని ఎవరూ తేల్చకపోవడం వల్ల.

ఇది ఎలా మొదలవుతుందో తెలిస్తే, ముందుగా చూడటానికి అంత విలువ ఎందుకో అర్థమవుతుంది. కదలకుండా పడుకున్నప్పుడు ఎముకకీ పరుపుకీ మధ్య కండ, చర్మం నలుగుతాయి. రక్తం అందదు. చర్మం కంటే కండ త్వరగా చచ్చిపోతుంది. అందుకే పైకి రూపాయి బిళ్లంత కనిపించే పుండు కింద గుప్పెడు పట్టే గుంట ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు "పుండు పడింది" అని గుర్తించేసరికే చాలా ఆలస్యమైనట్టు.

మొదటి గుర్తు ఎరుపు అని పుస్తకాల్లో ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడని ఎరుపు మొదటి దశ. ఈ పరీక్ష తెల్ల చర్మాన్ని చూసి రాసింది. చామనఛాయ ఒంటి మీద, నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు కనిపించదు, తెల్లబడటమూ తెలియదు. మనవాళ్లలో ఆ చోటు చుట్టుపక్కల కంటే నల్లగానో ఊదాగానో ఉంటుంది. కంటితో పాటు చెయ్యీ పని చెయ్యాలి. అరచేతి వెనక వైపు ఆనించి, పక్క చర్మంతో పోల్చి చూడాలి: వేడిగా ఉందా, చల్లగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, ముట్టుకుంటే నొప్పి అంటున్నారా. ఇలా చూడాల్సిన చోట్లు: పిరుదుల పైన ఎముక, తుంటి పక్కలు, మడమలు, చీలమండలు, తల వెనక భాగం, ఆక్సిజన్ ట్యూబు ఆనుకునే చెవులు. రోజుకొకసారి, మంచి వెలుతురులో. పక్షవాతం వచ్చినవాళ్లకు, సుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు. వాళ్లు చెప్పేదాకా ఆగితే అయిపోయినట్టే.

ఎవరికి ప్రమాదం ఎక్కువో అంచనా వేసే పద్ధతీ ఉంది. 1987లో అమెరికా నర్సులు బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ వెలువరించిన కొలమానంలో స్పర్శ, తడి, నడక, కదలిక, తిండి, ఒరిపిడి అని ఆరు అంశాలుంటాయి. మొత్తం 6 నుంచి 23 మార్కులు. 18 లేదా అంతకంటే తక్కువ వస్తే జాగ్రత్త పడాలి. కాసేపట్లో అయిపోయే పని. మార్కులు వేశాక ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న. మన పెద్దాసుపత్రుల్లో రోగిని తిప్పేది నర్సు కాదు, పక్కన కింద చాప వేసుకుని పడుకున్న భార్యో కోడలో. వార్డు నిండా రోగులున్న నర్సును తప్పుపట్టలేం. కానీ ఆ కోడలికి ఎలా తిప్పాలో ఒక్కసారైనా చూపించాలి కదా.

చూపించాల్సింది పెద్ద విద్యేమీ కాదు. సుమారు రెండు గంటలకోసారి వైపు మార్చాలి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది కాబట్టి, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలు చాలు. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి. చంకల కింద చేతులేసి పైకి ఈడ్చకూడదు. ఇద్దరు కలిసి కింద పరిచిన దుప్పటి పట్టి ఎత్తి జరపాలి. ముక్కులో గొట్టం ద్వారా ఆహారం పోసేవాళ్లకు తల ఎత్తు పెట్టక తప్పదు, అప్పుడు ఒళ్లు కిందికి జారి నడుం దగ్గర చర్మం లాగేస్తుంది. మోకాళ్ల కింద దిండు పెడితే ఆ జారుడు తగ్గుతుంది.

ఇవి మానేసి మనం చేసేవి వేరు. స్పిరిట్, పౌడరు పెట్టి వీపు గట్టిగా రుద్దడం, మడమల కింద నీళ్లు నింపిన గ్లౌజు పెట్టడం, గుండ్రటి రింగు మీద కూర్చోబెట్టడం. నేటి మార్గదర్శకాలు ఈ మూడూ వద్దంటాయి. ఎయిర్ బెడ్ కొనేసి ఇక తిప్పక్కర్లేదనుకోవడం ఇంకోటి. కరెంటు పోయి మోటార్ ఆగితే గాలి దిగిపోయి రోగి మంచం చెక్క మీదే ఉన్నట్టు. పరుపు కింద చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

డెల్టా ఉక్క సంగతి వేరే చెప్పాలి. రెక్సిన్ షీటు మీద చెమట, ఖర్చుకు భయపడి పొద్దుటి నుంచి మార్చని డయాపర్. నానిన చర్మం తేలిగ్గా ఊడుతుంది. పాత నేత పంచెలు, చీరల ముక్కలు నిజానికి మేలే, ముసురు రోజుల్లో ఆరవు గాని. ఇక తిండి. కోడిగుడ్లు, చేపలు ఊరూరా దొరికే ప్రాంతంలో మంచం పట్టిన మనిషికి జావ, మజ్జిగన్నం పెడతారు. పప్పు తింటే చీము పడుతుందని అదీ ఆపేస్తారు. ప్రమాదంలో ఉన్న రోగికి కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 50 కిలోల మనిషికి 60 గ్రాముల పైమాటే. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్నడిగి తినాలి, మిగతావాళ్లకు ఈ పథ్యం నష్టమే.

2008 అక్టోబర్ నుంచి అమెరికాలో ముఖ్యంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్, ఆసుపత్రిలో ఉండగా ముదిరిన పుండ్లకు అదనపు డబ్బు ఇవ్వడం ఆపేసింది. మన దేశంలో ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపున్న ఆసుపత్రులూ వీటిని లెక్కపెట్టాలి. జరిమానా మాట నేను ఎత్తను. శిక్ష వస్తుందంటే దాచేస్తారు. ఇప్పటికే ఐసీయూ వాళ్లు "ఇంటి నుంచే వచ్చింది" అంటారు, ఇంటివాళ్లు "ఐసీయూలోనే పడింది" అంటారు. చేర్చుకున్న రోజు ఒక వాక్యం, పంపేరోజు ఒక వాక్యం చర్మం గురించి రాస్తే ఆ తగువు తీరుతుంది. డిశ్చార్జ్ కాగితంలో మాత్రల పక్కన "రెండు గంటలకోసారి తిప్పాలి" అనీ తెలుగులో రాయాలి.

ఆ కాగితం ఊళ్లో ఎవరికి చేరాలి? పెన్షన్ జాబితాలో ఉన్న మంచం పట్టినవాళ్ల పేర్లు విలేజ్ హెల్త్ క్లినిక్‌కి ఇచ్చి, ఆశా కార్యకర్త వారానికోసారి ఆ కొద్దిమంది నడుం, మడమలు చూసి రాసే ఏర్పాటు చెయ్యాలి. నల్లటి పెచ్చు, వాసన, జ్వరం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఆ పనికి ఆశాకు అదనంగా డబ్బివ్వాలి, ఊరికే నెత్తిన వేస్తే రిజిస్టర్ నిండుతుంది గాని దుప్పటి ఎవరూ ఎత్తరు. నేర్పేవాళ్ల కోసం దూరం వెళ్లక్కర్లేదు. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి కువైట్, మస్కట్ వెళ్లి ఎవరి ముసలివాళ్లకో ఏళ్ల తరబడి ఈ సేవలే చేసి తిరిగొచ్చిన ఆడవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లకు కొద్దిరోజుల శిక్షణ, ఒక సర్టిఫికెట్, నెల జీతం ఇచ్చి మండలానికి ఇద్దరిని పెట్టుకుంటే, ఆశాలకూ కోడళ్లకూ దుప్పటి ఎలా పట్టి ఎత్తాలో చేసి చూపిస్తారు.