తీర్పు పడింది, పరికరం బిగించలేదు

2009 అక్టోబరులో న్యూయార్క్‌లోని హెన్రీ హడ్సన్ పార్క్‌వే మీద ఒక కారు బోల్తా పడింది. స్లీప్‌ఓవర్‌కి, అంటే రాత్రి స్నేహితురాలి ఇంట్లో గడపడానికి, బయల్దేరిన ఆడపిల్లలతో ఆ కారు కిక్కిరిసి ఉంది. నడుపుతున్నది ఆ పిల్లల్లో ఒకరి తల్లి. ఆమె తాగి ఉంది. లియాండ్రా రొసాడో అనే 11 ఏళ్ల పాప ప్రాణం పోయింది. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి పట్టువదలకుండా తిరిగాడు. నెలన్నర తిరక్కముందే లియాండ్రా పేరుతో చట్టం వచ్చింది. తాగి నడిపి శిక్షపడినవాళ్లు, మొదటిసారి దొరికినా సరే, కారుకు ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ (తాగి ఉంటే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం) బిగించుకోవాల్సిందేనని అందులో ఉంది. 2010 ఆగస్టు నుంచి ఆ నిబంధన అమల్లో ఉంది.

అమల్లో ఉంది అని రాయడానికి మాకు చెయ్యి రావడం లేదు. కోర్టు ఆదేశించినా సగం మంది కూడా పరికరం పెట్టించుకోని పరిస్థితి అక్కడ ఏళ్లతరబడి సాగింది. "నాకు కారు లేదు" అన్న ఒక్క మాట చాలామందిని గట్టెక్కించింది. నిన్నటిదాకా సొంతమైన బండి రాత్రికి రాత్రి భార్య పేరుకో తమ్ముడి పేరుకో మారిపోతుంది. 2013లో నియమాలు బిగించి, కారు లేదని ప్రమాణం చేసి చెప్పాలన్నారు. కానీ ఆ మనిషి మర్నాడు ఎవరి కారులో ఆఫీసుకు వెళ్తున్నాడో చూసేదెవరు?

ఇంతా చేస్తే ఆ పరికరం చేతిలో పట్టేంత చిన్నది. ఊదితే, ఊపిరిలో మద్యం లేకపోతేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. దారిలోనూ మధ్యమధ్య ఊదమంటుంది, ఊదిన ప్రతిసారీ రికార్డు చేసుకుంటుంది. అది బిగించి ఉన్నంతకాలం మళ్లీ తాగి నడిపి పట్టుబడటం దాదాపు 70 శాతం తగ్గుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. 2023లో ఆ దేశంలో తాగి నడిపినవాళ్ల వల్ల జరిగిన ప్రమాదాల్లో 12,429 మంది చనిపోయారు. ఇన్ని చావులు చూస్తూ, పనిచేస్తుందని తేలిన పరికరాన్ని షాపులోనే ఉంచేయడం మాకు మింగుడుపడటం లేదు.

దారి లేక కాదు. న్యూ మెక్సికో రాష్ట్రంలోని సాంటా ఫే కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) జడ్జీలు "కారు లేదా? అయితే ఇంట్లోనే ఉండు, ఎలక్ట్రానిక్ నిఘా పెడతాం" అన్నారు. అంతే, లేని కార్లు బయటికొచ్చాయి. మిగతా కౌంటీల కంటే అక్కడ చాలా ఎక్కువ మంది ఇంటర్‌లాక్ పెట్టించుకున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో గడువు అయిపోయిందని పరికరం తీసెయ్యరు. చివరి 180 రోజులు ఏ తప్పూ లేకుండా ఊదితేనే తీస్తారు. ఇది మాకు మరీ నచ్చింది, ఎందుకంటే పరికరం తీసేశాక చాలామంది పాత అలవాటులోకే జారిపోతున్నారు.

డబ్బు సంగతి దాటెయ్యలేం. బిగించడానికి 70 నుంచి 150 డాలర్లు, ఆపైన నెలనెలా 60 నుంచి 90 డాలర్ల దాకా అవుతుంది. గంటల కూలి మీద బతికేవాడికి అది భారమే. కట్టలేనివాళ్ల ఖర్చును పరికరం కంపెనీ భరించేలా కోర్టు ఆదేశించే వీలు న్యూయార్క్ చట్టంలోనే ఉంది. ఆ దరఖాస్తును తీర్పు రోజే చేతికివ్వాలి. శిక్షాకాలాన్ని పరికరం బిగించిన రోజు నుంచే లెక్కపెట్టాలి. బిగించారా లేదా అని పదో రోజున ఫోన్ చేసి అడిగే ఒక ఉద్యోగి ప్రతి కౌంటీలో ఉండాలి. వీటిలో ఏదీ అసాధ్యమైన కోరిక కాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. డీయూఐ (తాగి బండి నడిపిన) కేసులో అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేసే విధానం అక్కడ 2015 నుంచి ఉంది. ఆ టెన్షన్‌లో ఉన్న రూమ్మేట్‌ని చూసి జాలిపడి కారు తాళం ఇచ్చేవాళ్లుంటారు. ఇంటర్‌లాక్ పెట్టుకోవాలని కోర్టు చెప్పిన మనిషికి, ఆ సంగతి తెలిసీ, అది లేని కారు ఇవ్వడం న్యూయార్క్‌లో నేరం. అతని బదులు ఊదిపెట్టడమూ నేరమే. ఆఫీసుకు టైమ్ అయిపోతోందని ఎంత బతిమాలినా తాళం ఇవ్వకండి, మీరే దింపి రండి.