బిడ్డ పుట్టింది కదా అని తల్లిని వదిలేస్తారా?

హై రిస్క్ ప్రెగ్నెన్సీ అనగానే తొమ్మిది నెలలూ ఒకటే హడావిడి, స్కానింగులు, షుగర్ టెస్టులు, వెళ్లిన ప్రతిసారీ బీపీ. బిడ్డ బయటికొచ్చి కేర్‌మందా, ఇక అందరి కళ్లూ ఉయ్యాల మీదే. నా గొడవంతా ఆ తర్వాతి వారం గురించే.

ప్రీఎక్లాంప్సియా, అంటే కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ జబ్బు, దాని సంగతే చూడండి. 20 వారాలు దాటాక బీపీ 140/90కి ఎక్కడం, యూరిన్‌లో ప్రోటీన్ పోవడం, ముదిరితే ఫిట్స్, ఇవన్నీ తెలిసినవే. కాన్పయితే తగ్గిపోతుందంటారు. తగ్గుతుంది, కానీ అదే రోజు కాదు. మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో బీపీ మళ్లీ ఎగబాకుతుంది, కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన నీరు తిరిగి రక్తంలోకి వచ్చే టైమ్ అది, అప్పటికి చాలామంది డిశ్చార్జ్ అయ్యి ఇంట్లో ఉంటారు. ఫిట్స్ ఆరు వారాల్లోపు ఎప్పుడైనా రావచ్చు, కాన్పుకి ముందు బీపీ అసలు లేనివాళ్లకి కూడా.

ఇంట్లో ఏం జరుగుతుంది? తల పగిలిపోతోందంటే రాత్రంతా నిద్ర లేదు కదా అంటారు. కళ్ల ముందు మెరుపులంటే నీరసం. కుడివైపు పక్కటెముకల కింద నొప్పంటే గ్యాస్. మూడూ ఒకే జబ్బు కావచ్చని ఎవరికీ తట్టదు.

ఇలా చెప్తే బాలింతలు బెదిరిపోతారని కొందరంటారు. చాలా తలనొప్పులు ఉత్త అలసటే, ఒప్పుకుంటా. కానీ చేతికి పట్టీ చుట్టి బీపీ చూడ్డానికి పట్టేది రెండు నిమిషాలు. పై అంకె 160కి గానీ కింది అంకె 110కి గానీ చేరి, కాసేపాగి చూసినా దిగకపోతే అది ఎమర్జెన్సీ, గంటలోపు బీపీ తగ్గించే మందు పడాలి. మెగ్నీషియం సల్ఫేట్‌తో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2002లోనే మ్యాగ్‌పై ట్రయల్ అనే పెద్ద పరిశోధన తేల్చింది, ఆ మందు కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు, టైముకి తీసుకెళ్లాలి, అంతే.

అసలు నాకు మండేది ఇక్కడే. ఆడమనిషి నొప్పంటే ఓర్చుకో అనడం మనకి నోటికొచ్చేసింది. ఆయాసమంటే కాన్పయ్యాక మామూలే అంటారు, గుండె కండరం బలహీనపడిందేమో, కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరిందేమో ఎవరు చూశారు? ఓర్చుకున్నామెని మంచి తల్లంటాం, రెండోసారి చెప్పినామెని గోల చేస్తోందంటాం. ఈ బుద్ధి ఒక్క బాలింతల దగ్గరే ఆగదు, నెలసరి నొప్పి దగ్గర్నుంచి అరవయ్యేళ్ల గుండెనొప్పి దాకా ఇదే తీరు.

అందుకే ఆ హై రిస్క్ ముద్ర కాన్పుతో తీసేయొద్దు, ఆరు వారాలు ఉంచండి. బీపీ ఎక్కువున్నవాళ్లని మూడు రోజుల్లోపు ఒకసారి, పది రోజుల్లోపు మరోసారి డాక్టర్ చూడాల్సిందే. ఇంట్లో బీపీ మెషీన్ ఉంటే ఉయ్యాల పక్కనే పెట్టి పొద్దునా రాత్రీ చూసి నంబర్ రాయండి, బిడ్డ ఎన్నిసార్లు పాలు తాగిందో రాసుకునే ఆ కాగితం మీదే.