ఫ్రిజ్ ముందర హవాయి చెప్పులు

మా బాబాయిగారింట్లో చెప్పులు గుమ్మం దాటవు. కలెక్టరు వచ్చినా బయట విప్పాల్సిందే. అంత మడిగల ఇంట్లో, వంటింటి నడిబొడ్డున, ఫ్రిజ్ ముందర నీలం పట్టీల హవాయి చెప్పులు ఒక జత కొలువై ఉంటుంది. మొన్న ఆదివారం మజ్జిగ కోసం అటు నడిచానో లేదో, పిన్ని కేక వేసింది. "ఒరేయ్, చెప్పులేసుకుని తియ్! జిల్లుమంటుంది."

వేసుకున్నాను. తీశాను. మజ్జిగ తాగాను. గృహ విద్యుత్ భద్రత అంటే ఏమిటో అప్పుడు బోధపడింది.

కేంద్ర విద్యుత్ అథారిటీ వాళ్ళు చాదస్తులు. రెండు కిలోవాట్లు, ఆపైన కరెంటు లోడు ఉన్న ఇళ్ళలో 30 మిల్లీఆంపియర్ల కరెంటు పక్కదారి పట్టగానే సరఫరా ఆగిపోయే పరికరం ఉండాలని రూలు రాసుకున్నారు. మా బాబాయి పద్ధతి ముందు అదెంత? చెప్పులు ట్రిప్ అవవు. మెకానిక్ అక్కర్లేదు. బాత్రూముకి కూడా పనికొస్తాయి.

పద్ధతి ఒక్క ఫ్రిజ్‌తో ఆగలేదు. వాషింగ్ మెషీన్‌కి వేరే జత. మోటారు స్విచ్ నొక్కడానికి గోడకి ఆనించిన వెదురు కర్ర. గీజర్ ఉన్నచోట చెక్కపీట. మా చెల్లెలి పెళ్ళయిన మొదటి సంక్రాంతికి అల్లుడొచ్చాడు. పట్టుపంచె, ఉత్తరీయం, మెడలో కొత్త గొలుసు. స్వీటు కోసం ఫ్రిజ్ వైపు వెళ్ళబోతుంటే మా పిన్ని భక్తిగా ఆ చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. భరతుడు కూడా పాదుకల్ని అంత శ్రద్ధగా మోసుండడు. అల్లుడు మారు మాట్లాడకుండా వేసుకున్నాడు. వాళ్ళింట్లోనూ ఉన్నాయట, ఎర్ర పట్టీలవి.

"లైసెన్స్ ఉన్నవాడిని పిలిచి ఓసారి వైరింగంతా చెక్ చేయించు బాబాయ్" అన్నాను.

"ఇరవై ఏళ్ళనించి ఉంటున్నాం. ఎవడైనా పోయాడా?" అన్నాడు. పైగా మీటరు ఆగ్నేయంలోనే ఉందట. వాస్తు ఆయన్ని మూడుసార్లు పిలిపించారు మరి. ఆయన టేపు పెట్టి గుమ్మాలు కొలిచాడు గానీ మెగ్గర్, అదే వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు, పెట్టి వైర్లు చూడలేదు, పాపం, ఆయన శాస్త్రంలో లేదు.

"ఎంసీబీ ఉందిగా" అన్నాడు మళ్ళీ. ఉంది. కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్ అది. 16 ఆంపియర్లది, అంటే 16,000 మిల్లీఆంపియర్లు దాటితేగానీ పడదు. మనిషి గుండె లయ తప్పడానికి వంద కూడా అక్కర్లేకపోవచ్చు. ఎంసీబీ కాపాడేది వైర్లని. మనుషుల్ని కాపాడేది ఆర్‌సీసీబీ, ఇందాక చెప్పిన 30 మిల్లీఆంపియర్ల పరికరం. అది కూడా ఒకప్పుడు ఆ ఇంట్లో ఉండేది. ఫ్రిజ్ ఆన్ చేస్తే చాలు పడిపోయేదట. వీధి చివర ఎలక్ట్రీషియన్ వచ్చి, "ఇది ఊరికే పడిపోతోంది సార్" అని దాన్ని తప్పించి కరెంటు డైరెక్ట్ చేసేసి, సాకెట్లో ఎర్త్ వైరు కూడా పీకేసి, మూడొందలు పుచ్చుకుని వెళ్ళాడు.

ఊరికే పడిపోతోందా? ఫ్రిజ్ లోపలెక్కడో వైరు ఒలిచిపోయి కరెంటు బాడీకి తగులుతోంది, అందుకని పడిపోతోందిరా నాయనా! దొంగని చూసి మొరిగిందని కుక్కని తరిమేశారు. దొంగ ఇంట్లోనే ఉన్నాడు. చెప్పులు ఆ మర్నాటి నుంచి వచ్చాయి.

కరెంటు షాకుతో దేశంలో ఏటా పన్నెండు వేల మందికి పైగా పోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు. రెండు మూడు గంటలు కూర్చుని బోర్డు విప్పి, ఎర్త్ కొలిచి, ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి చూసే మనిషికి ఇచ్చే డబ్బు దండగట. ఎల్‌ఈడీ సీలింగుకి లక్ష పోశారు.

ఇదంతా నవ్వుకుంటూనే వింటున్నాను. అంతలో పనావిడ వచ్చింది. తన చెప్పులు గుమ్మం బయట విప్పింది. బకెట్టూ గుడ్డా తెచ్చి వంటింట్లో నేల తుడుస్తోంది. తడి నేల, తడి చేతులు, వట్టి కాళ్ళు. ఫ్రిజ్ తలుపు కూడా తుడిచింది. నీలం చెప్పులు పక్కనే ఉన్నాయి. అవి ఇంట్లోవాళ్ళవి, ఆవిడ వేసుకోకూడదు.

"ఆవిడకి జిల్లుమనదా పిన్నీ?"

"అలవాటైపోయిందట" అంది పిన్ని.

నేనేమన్నానో ఇక్కడ రాయలేను. ఫ్రిజ్ ప్లగ్ పీకేసి వచ్చేశాను. సాయంత్రం బాబాయి ఫోన్ చేశాడు. రెండు లీటర్ల పాలు విరిగిపోయాయట.