తలలు లెక్కపెట్టి పంచితే రోడ్డు నిలవదు

కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్ ఉత్తర భాగంలో హైవే దిగి అడవిలోకి మళ్లే గ్రావెల్ రోడ్లలో చాలావాటికి మునిసిపాలిటీ అనే యజమాని లేడు. అక్కడ మేయరూ ఉండడు, కౌన్సిలూ ఉండదు. భూమి ఉన్నవాళ్లే కూడి స్థానిక రోడ్ల బోర్డు పెట్టుకుంటారు, ముగ్గురు ట్రస్టీలను ఎన్నుకుంటారు, తమ మీద తామే పన్ను వేసుకుంటారు. ప్రావిన్స్ రవాణా శాఖ దానికి తన వాటా కలుపుతుంది. మంచినీళ్లు, చెత్త, వీధి దీపాలు, అగ్నిమాపకం, ఆటపాటలు వంటి మిగతా పనులకు వేరే ఏర్పాటు ఉంది. దాని పేరు లోకల్ సర్వీసెస్ బోర్డు. 1979లో వచ్చిన చట్టం కింద పుట్టిన ఈ బోర్డులు విధించే రుసుము ప్రావిన్స్ భూమి పన్నుతో కలిపి వసూలవుతుంది. రెండు బోర్డులూ ఉన్న ఊళ్లో రెండింటిలోనూ తరచూ అవే నాలుగు మొహాలు కనిపిస్తాయి. జీతం లేని పనికి మనుషులు అంతకన్నా దొరకరు.

ఈ సంగతి మన పత్రికలో ఎందుకని అడిగేవారికి ఒక జవాబుంది. 2019లో మొదలైన గ్రామీణ, ఉత్తర ప్రాంత వలస పైలట్ పథకంలో ఒంటారియో నుంచి థండర్ బే, సూ సెంట్ మరీ, సడ్‌బరీ, టిమిన్స్, నార్త్ బే చేరాయి. కాలేజీ చదువుకో, ఆస్పత్రి ఉద్యోగానికో, గని పనికో ఆ ఊళ్లకు వెళ్లిన తెలుగువాళ్లు ఇప్పుడు అక్కడి పౌరజీవితంలో భాగం. కొందరి ఇళ్లు ఊరి పొలిమేర దాటి, ఈ బోర్డుల పరిధిలోనే ఉన్నాయి. రోడ్డు ఎవరిదో తెలియకపోతే ఫిర్యాదు ఎవరికి చెప్పాలో కూడా తెలియదు.

ఇక డబ్బు మాట. కెనడాలో స్థానిక సదుపాయాలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే నిధుల్లో నికరమైనది కెనడా కమ్యూనిటీ బిల్డింగ్ ఫండ్. 2005లో గ్యాస్ టాక్స్ ఫండ్‌గా మొదలైంది, 2011లో చట్టంతో శాశ్వతమైంది, 2021లో పేరు మారింది. దీనికి దరఖాస్తుల పోటీ లేదు. వచ్చిన సొమ్మును కొన్నేళ్లు కూడబెట్టుకోవచ్చు. మొదట్లో రోడ్లు, నీళ్లు, మురుగు, ప్రజా రవాణా వంటివాటికే పరిమితమైనా, 2014 నుంచి క్రీడలు, వినోదం, సంస్కృతికి కూడా తలుపు తెరిచారు. పథకంగా చూస్తే ఇది మంచిదే. పేచీ అంతా పంపకంలో ఉంది.

ఏటా సుమారు 240 కోట్ల డాలర్లను ప్రావిన్సులకు జనాభా ప్రకారం పంచుతారు. దేశ జనాభా 4 కోట్లు దాటింది కనుక తలకు దాదాపు 60 డాలర్లు. 300 మంది ఉన్న ఊరికి ఇదే లెక్క వర్తిస్తే ఏడాదికి 18,000 డాలర్లు. ఆ 300 మంది 40 కిలోమీటర్ల గ్రావెల్ రోడ్డు వెంట చెదురుగా ఉన్నారనుకుందాం. ఉత్తరాదిన అది వింతేమీ కాదు.

గ్రావెల్ రోడ్డు ఏటా అరుగుతుంది. కొంత దుమ్మై ఎగిరిపోతుంది, కొంత మంచు తోసే బ్లేడుతో పక్క కాలువలోకి పోతుంది, కొంత వసంతంలో బురదలో దిగబడిపోతుంది. ఆరేళ్లకోసారైనా ఏడున్నర సెంటీమీటర్ల కొత్త పొర పరవాలి. 6 మీటర్ల వెడల్పున కిలోమీటరుకు 450 ఘనపు మీటర్లు, అంటే దిమ్మిస కొట్టాక దాదాపు 1,000 టన్నులు. క్వారీ నుంచి తెచ్చి పరిచేసరికి టన్నుకు 30 డాలర్లు అనుకుంటే కిలోమీటరుకు 30,000. ఆరేళ్ల చక్రంలో 40 కిలోమీటర్లు పూర్తి కావాలంటే ఏటా దాదాపు 7 కిలోమీటర్లు చేయాలి. అది 7,000 టన్నులు, 2 లక్షల డాలర్ల పైమాట. 20 టన్నుల ట్రక్కు 350 ట్రిప్పులు తిరగాలి. చేతిలో ఉన్న 18,000 డాలర్లతో 600 మీటర్లు పరిచి ఆపేయాల్సిందే. రోడ్డును గీరి చదును చేసే గ్రేడర్ యంత్రం కిరాయి, మంచు తీత ఇందులో ఇంకా కలపనేలేదు.

జనాభా లెక్క ఎంత గుడ్డిదో ఫెడరల్ ప్రభుత్వానికి తెలియనిదేం కాదు. అందుకే ప్రావిన్స్ హోదా లేని మూడు ఉత్తర టెరిటరీలకూ ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌కూ తలల లెక్క పక్కనపెట్టి, మొత్తం నిధిలో ఒక్కోదానికి 0.75 శాతం కనీస వాటా ఇస్తోంది. 240 కోట్లలో అది 1 కోటీ 80 లక్షలు. 2021 జనగణన ప్రకారం ఆ టెరిటరీల్లో ఒకటైన నూనవుట్ జనాభా 36,858. తలకు దాదాపు 490 డాలర్లు పడుతుంది. 25 ఊళ్లున్న నూనవుట్‌లో ఒక ఊరి నుంచి మరో ఊరికి రోడ్డే లేదు, గ్రేడర్ కూడా ఓడలో రావాలి. కాబట్టి వాళ్లకు ఎక్కువ ముట్టిందని మా బాధ కాదు. ప్రావిన్స్ గీతకు ఇవతల అదే చలిలో, అదే దూరంలో ఉన్న ఊరిని టొరంటో శివారు కొలబద్దతో కొలవడమే తప్పు.

ఒంటారియో ప్రభుత్వమూ ఇంట్లో ఈ పాఠం నేర్చింది. చిన్న, గ్రామీణ, ఉత్తర మునిసిపాలిటీలకు ఇచ్చే ఒంటారియో కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండ్‌లో 2022 నుంచి ఆస్తులను కొత్తగా మార్చాలంటే అయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకుంటున్నారు, కనీసం 1 లక్ష డాలర్లు ఇస్తున్నారు. రోడ్డెంత పొడవు, వంతెన ఎంత పెద్దది అన్నది అక్కడ లెక్కకొస్తుంది. అయితే అది ప్రధానంగా మునిసిపాలిటీల పథకం, పైగా ఆటస్థలాలు దాని పరిధిలో లేవు. బోర్డుల కింద బతికే ఊళ్లు మళ్లీ గుమ్మం బయటే.

మనకు తెలిసిన లెక్కలే చూడండి. భారత 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటా తేల్చేటప్పుడు జనాభాకు ఎంత బరువిచ్చిందో విస్తీర్ణానికీ అంతే ఇచ్చింది, చెరి 15 శాతం. చిన్న రాష్ట్రాలకు విస్తీర్ణం వాటా 2 శాతానికి తగ్గకుండా అడ్డుకట్ట కూడా వేసింది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానంలో 500 జనాభా ఉండాలన్న చోట, కొండ, గిరిజన ప్రాంతాలకు 250 చాలన్నారు. మన ఏజెన్సీ పల్లెలకు రోడ్లు దక్కింది ఆ సడలింపు వల్లే. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు దాన్ని చూసుకోవాలన్న షరతు ఒప్పందంలోనే ఉంటుంది. అమలులో లోపాలు అందరికీ తెలిసినవే. అయినా ఆ పథకం రాసినవాళ్లు రోడ్డు వేయడం, రోడ్డును నిలబెట్టడం ఒకే పని అని గుర్తించారు.

కెనడా నిధి సరిగ్గా ఇక్కడే తడబడుతుంది. కొత్తగా కట్టడానికీ, పెద్దయెత్తున బాగు చేయడానికీ ఇస్తుంది, రోజువారీ నిర్వహణకు ఇవ్వదు. గ్రావెల్ రోడ్డు విషయంలో ఈ గీత అర్థం లేనిది. దాని ఆయుష్షంతా నిర్వహణలోనే ఉంది.

రోడ్డు నడుమ ఎత్తుగా ఉండి రెండు పక్కలకు 4 శాతం వాలు ఉండాలి. ఆ క్యాంబర్ పోయిన చోట నీళ్లు నిలుస్తాయి, నిలిచిన చోట గుంత పడుతుంది. గుంతలో గ్రావెల్ పోసి చదును చేస్తే వారం రోజుల్లో మళ్లీ అదే గుంత. అడుగు దాకా గీరి, కలిపి, మళ్లీ పరిస్తేనే పట్టు దొరుకుతుంది. అదీ వాన కురిసిన మర్నాడు, మట్టిలో చెమ్మ ఉండగానే. ఎండిన రోడ్డు మీద గ్రేడర్ తిప్పడమంటే సన్నమట్టిని గాలికి పోయడమే. పై పొరలో ఆ సన్నమట్టి 8 నుంచి 15 శాతం దాకా లేకపోతే రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు, రోడ్డు గరగరలాడుతూ అలలు అలలుగా తేలుతుంది. సన్నమట్టి లేని కడిగిన రాయి కొని మోసపోయే బోర్డులు ఇక్కడే దెబ్బతింటాయి.

చలికాలం చివర ఇంకో పని ఉంటుంది. అంచుల్లో పేరుకున్న మంచు గట్లను, కరగడం మొదలవక ముందే వెనక్కి తోసేయాలి. లేకపోతే కరిగిన నీరు కాలువకు చేరకుండా రోడ్డు మీదే పారుతుంది. కింద నేల ఇంకా గడ్డకట్టి ఉంటుంది కనుక నీళ్లు కిందికీ ఇంకవు. మధ్యలో చిక్కిన పొర అంబలిలా అవుతుంది. సగం లోడు ఆంక్షలు వచ్చింది ఇందుకే. ఆ ఆంక్ష పలక పెట్టిన రోడ్డు మీద వసంతకాలంలో ఇరుసుకు 5,000 కిలోలు మించకూడదు. అప్పుడు ఒక్క కలప లారీ అడ్డదారిన వెళ్లినా బోర్డు ఏడాది పన్ను మట్టిలో కలుస్తుంది.

తూముల సంగతి మరీ విచిత్రం. వాగులకు అడ్డుకట్టలు కట్టే బీవర్ అనే జంతువులు రాత్రికి రాత్రి కొమ్మలూ బురదా కుక్కి 600 మిల్లీమీటర్ల గొట్టాన్ని మూసేస్తాయి. చలికాలంలో అదే గొట్టం మంచుతో బిగుసుకుపోతుంది, ఆవిరి పట్టి తెరవాలి. రెండు గంటల పని. చేయకపోతే నీళ్లు రోడ్డెక్కి కట్టను కోసేస్తాయి. అప్పుడు ఎక్స్‌కవేటర్‌ను లోబెడ్ (యంత్రాలు మోసే ఎత్తు తక్కువ ట్రైలర్) మీద వంద కిలోమీటర్ల నుంచి తెప్పించాలి, 12 మీటర్ల గొట్టం కొనాలి, దారి మూయాలి. కొత్త గొట్టం చుట్టూ నింపే మట్టి పక్క మట్టికన్నా భిన్నమైతే చలికి రెండూ ఒకేలా ఉబ్బవు, ఏటా అక్కడ ఎగుడుదిగుడు తప్పదు. తవ్వకం అంచులను ఏటవాలుగా కోయాలన్నది అందుకే. తమాషా ఏమంటే, రెండు గంటల ఆవిరి పని నిర్వహణ కింద లెక్క, దానికి నిధి రాదు. కొట్టుకుపోయిన తూము మార్చడం పెట్టుబడి కింద లెక్క, దానికి వస్తుంది. పనిగట్టుకొని పాడుచేయమని చెప్పినట్టుంది ఈ నిబంధన.

ఆటస్థలాల దగ్గర ఇదే తర్కం ప్రమాదకరంగా మారుతుంది. స్కేటింగ్ చేసే పూర్తి కొలత ఐస్ రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. కాంక్రీటు పలక కింద గొట్టాల్లో చల్లటి ఉప్పునీళ్లు తిరుగుతాయి, వాటిని చల్లబరిచేది అమ్మోనియా యంత్రం. 2017 అక్టోబరు 17న బ్రిటిష్ కొలంబియాలోని ఫెర్నీ ఊరి అరీనాలో, అంటే భవనం లోపలి రింక్‌లో, అమ్మోనియా లీకై ముగ్గురు చనిపోయారు. మార్పిడి వాయిదా పడుతూ వచ్చిన పాత చిల్లర్‌లో (ఉప్పునీళ్లను చల్లబరిచే భాగంలో) గొట్టానికి చిల్లు పడి, అమ్మోనియా ఉప్పునీళ్లలో కలిసింది. ఫెర్నీ ఉత్తరాది ఊరు కాదు. కానీ యంత్రం వయసు మీద బడ్జెట్ నడిచే ప్రతి చిన్న ఊరికీ ఆ ఘటన వర్తిస్తుంది.

కరెంటు బిల్లు ఇంకో ముల్లు. పెద్ద వాడకందారుకు యూనిట్లతో పాటు ఆ నెలలో తాకిన గరిష్ఠ డిమాండ్‌కు కూడా రుసుము పడుతుంది. సెప్టెంబరు 28న కంప్రెసర్లు మొదలుపెడితే మూడు రోజుల వాడకానికి నెల మొత్తం డిమాండ్ చార్జీ కట్టాలి. అక్టోబరు 1న మొదలుపెడితే అది మిగులు. రెండు కంప్రెసర్లను ఒకేసారి కాక, ఒకదాని తర్వాత ఒకటి నడిపినా ఆ గరిష్ఠ డిమాండ్ తగ్గుతుంది. ఈ రెండు జాగ్రత్తలకూ పైసా ఖర్చు లేదు, కాకపోతే బిల్లు చదవగలిగిన మనిషి కావాలి.

అసలు 300 మంది ఊరికి అమ్మోనియా అరీనా అవసరమా? మా మట్టుకు అక్కర్లేదు. గోడలు లేకుండా కప్పు మాత్రమే ఉన్న సహజ మంచు రింక్ చాలు. మంచు పడదు, మధ్యాహ్నపు ఎండ తగలదు. శుభ్రపరిచే పని సగానికి తగ్గుతుంది. మైనస్ 10 కిందికి దిగాక పలుచగా, పొర మీద పొర, నీళ్లు చల్లుకుంటూ పోతే పది సెంటీమీటర్ల మంచు కొద్ది రాత్రుల్లో సిద్ధమవుతుంది. ఒకేసారి మందంగా పోస్తే పైన పెచ్చు కట్టి కింద నీళ్లు మిగులుతాయి, స్కేటు దిగబడుతుంది. వేసవిలో ఆ కప్పు కిందే బాస్కెట్‌బాల్, సంత, బతుకమ్మ కూడా ఆడుకోవచ్చు. కానీ రిబ్బను కత్తిరించడానికి అరీనా బాగుంటుంది, కప్పు బాగుండదు. అరీనాకు గ్రాంటు దొరికిన ఊళ్లు తర్వాత పదేళ్లు దాన్ని నడపడానికి రోడ్డు డబ్బు తింటాయి. రోడ్డా, ఆటా అన్న కృత్రిమమైన తగాదా అక్కడే పుడుతుంది.

అడగాల్సినవి రెండే. ప్రావిన్సుల్లోని దూరపు ఉత్తర ఊళ్లకు టెరిటరీల తరహాలో ఒక కనీస మొత్తం పెట్టాలి, బోర్డులకు కూడా అది అందాలి, రోడ్డు కిలోమీటర్లు అందులో లెక్కకు రావాలి. వచ్చే సొమ్ములో మూడో వంతు దాకా నిర్వహణకు వాడుకోనివ్వాలి. నిర్వహణకు తలుపు తెరిస్తే జీతాలకు కరిగిపోతుందన్న భయం న్యాయమైనదే. గ్రేడింగ్, తూములు, యంత్రాల తనిఖీ అని పనుల జాబితా కట్టేసి, లాగ్‌బుక్ చూపితేనే చెల్లిస్తే ఆ భయం తీరుతుంది. గనులు, కలప ఇచ్చే ఊళ్లకు అది దయాధర్మం కింద లెక్క కాదు.

అడిగే బోర్డు చేతిలో కాగితం ఉండాలి. ఏ తూము ఎక్కడుంది, ఎంత వ్యాసం, ఎప్పుడు వేశారు, కిలోమీటరుకో చోట తవ్వి చూస్తే గ్రావెల్ ఎంత మందం మిగిలింది అన్నది ఒక పట్టికలో ఉంటే శాఖ ఇంజనీరు కాదనలేడు. కంప్యూటరు పట్టికలు కట్టడంలో మనవాళ్లకు సాటి ఎవరు? బోర్డుల్లో చాలాచోట్ల కార్యదర్శి కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ప్రావిన్స్ బడ్జెట్ ముందు సంప్రదింపులు సాధారణంగా చలికాలంలో జరుగుతాయి, రాతపూర్వకంగానూ అభిప్రాయం పంపవచ్చు. మంచు పడకముందే తూముల కొలత ముగిస్తే, ఆ పట్టిక అప్పటికి సిద్ధంగా ఉంటుంది.