ఏక్యూఐ పచ్చగా ఉంటే బెంజీన్ లేనట్టు కాదు

“హైదరాబాద్‌లో ఏక్యూఐ 50 లోపే ఉంది. బెంజీన్, గింజీన్ అని భయపడకండి. నిజంగా ఉంటే వాసన వచ్చేది. అనుమానముంటే ఇంట్లో చిన్న మీటరు పెట్టుకుని చూసుకోండి.” వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సందేశమిది. ఏక్యూఐ అంటే గాలి నాణ్యత సూచీ; 50 లోపుంటే పచ్చరంగు, గాలి బాగున్నట్టు. బెంజీన్ అంటే పెట్రోలులో, వాహనాల పొగలో ఉండే ఆవిరి. మొదటి వాక్యం నిజమే కావచ్చు. మిగతావేవీ నిలబడవు.

మన ఏక్యూఐ లెక్కలోకి వచ్చేవి ఎనిమిదే: పీఎం 10, పీఎం 2.5 (సన్నని ధూళి కణాలు), నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. 2009 నాటి జాతీయ ప్రమాణాల్లో మాత్రం బెంజీన్ ఉంది. ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రమాణంలో పెట్టి, జనం రోజూ చూసే అంకెలో వదిలేశారు. 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్రాణాలు తీసిన స్టైరీన్ కూడా బెంజీన్‌లాగే హైడ్రోకార్బనే, అంటే కర్బనం, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పదార్థం. దానికీ ఈ సూచీలో చోటు లేదు.

వాసన మాట మరీ ప్రమాదకరం. బెంజీన్ ముక్కుకు తెలియాలంటే ఆ 5 మైక్రోగ్రాములకు సుమారు వెయ్యి రెట్లు ఉండాలి. అది క్యాన్సర్ కారకమని ఎప్పుడో తేలింది. ఇంతవరకైతే ఫరవాలేదని చెప్పదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఇక మీటరు. చౌకరకం సెన్సర్ ఆవిర్లన్నిటినీ ఒకే గాటన కడుతుంది. శానిటైజర్ రాసుకున్న చేతిని దగ్గర పెట్టినా అంకె ఎగబాకుతుంది. బెంజీన్‌ను విడిగా పట్టాలంటే ఆవిర్లను విడదీసి కొలిచే యంత్రం, గ్యాస్ క్రొమాటోగ్రాఫ్, కావాలి. హైడ్రోకార్బన్లను పట్టి ఉంచే పదార్థం నింపిన గొట్టంలోకి గాలిని లాగుతారు. వేడి చేస్తే అవి ఊడివస్తాయి. సన్నని, పొడవాటి నాళంలోంచి పంపితే ముందు బెంజీన్, తర్వాత టొలీన్, ఆపైన జైలీన్లు వరసగా బయటికొస్తాయి. తెరమీద ఒక్కోదానికి ఒక్కో శిఖరం లేస్తుంది. దాని వైశాల్యాన్ని, గాఢత ముందే తెలిసిన వాయువు ఇచ్చే శిఖరంతో పోల్చి లెక్కకడతారు. ఈ సరిచూపు క్రమం తప్పితే లక్షలు పోసి కొన్న యంత్రం మాటా నమ్మలేం.

చెత్త తగలబెట్టిన పొగలో ఉండే బెంజో-ఎ-పైరీన్ అనే మరో హైడ్రోకార్బన్ అయితే ధూళి కణాలను అంటిపెట్టుకుని తిరుగుతుంది. ఫిల్టరుపై ధూళి పట్టి, ద్రావణితో దాన్ని విడదీసి, ప్రయోగశాలలో కొలవాలి. ఏ ఫోనూ దాన్ని అప్పటికప్పుడు చూపలేదు.

నగరంలోని నిరంతర పర్యవేక్షణ కేంద్రాలు నమోదు చేసే బెంజీన్ అంకెలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్లో విడిగా దొరుకుతాయి. భయం లేదనేవారు ఏడాది సగటు తీసి, 5తో పోల్చి చూపించాలి. మండళ్లు కూడా ఆ అంకెను ఏక్యూఐ పక్కనే, జనానికి కనబడేలా ప్రకటించాలి.