సవరణ: నడివయసులో నర్సింగ్ చదువు, మందుల లెక్కలు

నలభై దాటాక మళ్లీ నర్సింగ్ కోర్సులో చేరేవాళ్ల కోసం రాసిన కిందటి పోస్టులో "అనాటమీ గుర్తుపెట్టుకోవడమే కష్టం, లెక్కలు స్కూల్లో చేసినవే" అని ఉంది. ఇది చదివి కొందరు లెక్కల ప్రాక్టీసు అక్కర్లేదనుకున్నారు. దయచేసి అలా అనుకోకండి. ఆ వాక్యంలో లెక్కల ముక్క తీసేసి, దాని బదులు ఇది చేరుస్తున్నాను.

మందుల లెక్కల్లో ఉండేవి గుణకారం, భాగహారాలే. కానీ చిన్న తేడా వచ్చినా దెబ్బ పేషెంటుకే. 1000 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలనుకోండి, అంటే గంటకు 125 మి.లీ. మి.లీ.కి 20 చుక్కలు పడే సెలైన్ సెట్ (ఎక్కించే ట్యూబు) అయితే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. అదే మి.లీ.కి 60 చిన్న చుక్కలు పడే మైక్రోడ్రిప్ సెట్టయితే నిమిషానికి 125. అందుకే ముందు సెట్ ప్యాకెట్ మీద మి.లీ.కి ఎన్ని చుక్కలో చూడాలి, తర్వాతే లెక్క.

దశాంశాలు మరీ ముఖ్యం. అర మిల్లీగ్రామును 0.5 అనే రాయాలి. ముందు సున్నా లేకపోతే చుక్క కనబడక 5 అని చదివేస్తారు. 5ని 5.0 అని రాస్తే 50 అయిపోతుంది. ఎన్నో ఏళ్ల తర్వాత పెన్ను పట్టేవాళ్లకు పాత అలవాట్లు వదలడానికి టైం పడుతుంది, కాబట్టి క్లాసులు మొదలవకముందే రోజూ కాసేపు చేయండి. టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

ఇంకొకటి. ఎప్పుడో పాసైన సైన్స్ సబ్జెక్టులను కొన్ని కాలేజీలు లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ఫీజు కట్టకముందే అడగండి.

పోస్టులో మిగతాదంతా అలాగే ఉంది.