ముడుమాల్ నిలువురాళ్లు: ఆకాశంతో పాటు నేలనూ చూడాలి

తెలంగాణలోని నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో వేల ఏళ్ల కిందట మనుషులు నిలబెట్టిన నిలువురాళ్ల మీద మీ వ్యాసం చదివాను. ఆ రాళ్ల వరుసలకు, సూర్యోదయ సూర్యాస్తమయాలకు ఉన్న సంబంధం గురించి అందులో బాగా రాశారు. బండ మీద గుంతలుగా చెక్కిన సప్తర్షి మండలం గురించి కూడా చెప్పారు, సంతోషం. కానీ ఆ రాళ్లు దూరం నుంచి ఎలా కనిపిస్తాయన్న మాటే లేదు. నాకు అదే అసలు విషయం.

కృష్ణ ఒడ్డున చదునైన నేల అది. పది నుంచి పద్నాలుగు అడుగుల రాయి నిలబెడితే చాలు, చాలా దూరం నుంచే కంట పడుతుంది. నేను వెళ్లినప్పుడు చేను గట్టు మీద నడుస్తుంటే ముందు ఒక్క రాయి కొన కనిపించింది. నాలుగు అడుగులు వేశాక దాని వెనకే ఇంకోటి. దగ్గరికెళ్లి చెయ్యి పెడితే ఎండకు కాలుతోంది.

కర్ణాటకలో హిరేబెణకల్ దీనికి పూర్తిగా వేరు. అక్కడి రాతిగూళ్లు (రాతి పలకలతో కట్టిన ఆ కాలపు సమాధులు) కొండల మధ్య ఎత్తున ఉన్నాయి, ఎక్కితే గానీ కనిపించవు. ఎక్కడ కనిపించాలో, ఎవరికి కనిపించాలో ఆనాటివాళ్లు ఆలోచించే పెట్టారని నా నమ్మకం.

2025లో ముడుమాల్ యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో చేరింది. దయచేసి రాళ్ల చుట్టూ కంచె వేసి ఊరుకోకండి. వాటి మధ్య ఖాళీ జాగాలో చూపుకు అడ్డంగా షెడ్లు, హోర్డింగులు రానివ్వకండి.